బురద లెక్క

చల్లగదిలో బల్ల మీద పడుకుని ఉంది
రెండు మీటర్ల బురద.
మార్చిలో చెరువు మీద మంచుకు కన్నం వేసి
గొట్టం దింపి, నలుగురం పైకి లాగిన బురద.
తేట గీత వేసవి, నల్ల గీత చలికాలం,
రెండూ కలిస్తే ఏడాది.
గుండుసూది మొనతో లెక్కపెట్టుకుంటూ
నాలుగు వందల పన్నెండో ఏట ఆగాను,
జేబులో కాగితం గరగరలాడి.

నిజానికి రెండు కాగితాలు.
ఒకటి యొఎన్సూ విశ్వవిద్యాలయం:
ఎమ్మెస్సీలో సీటు, సెప్టెంబరు.
ఒకటి సైన్యం: కయానీ దండు, జూలై ఏడు,
ఉదయం పదిలోపు. పళ్ల బ్రష్షు మీరే తెచ్చుకోవాలి.

వాయిదా అడగొచ్చు. ఇప్పటికే రెండుసార్లు అడిగాను.
నా ఈడువాళ్లు పందొమ్మిదికే వెళ్లి
బూట్ల పొక్కులు మానాక కాలేజీలో చేరారు.
నేను చేపలా జారుతూ వచ్చాను.
ఇరవై మూడేళ్లవాణ్ణి, బ్యారక్‌లో పిల్లలు
తాతా అని పిలుస్తారట.
ఎమ్మెస్సీ అయ్యాక వెళితే
ఏమని పిలుస్తారో తెలీదు.

ముందు నుయ్యీ కాదు, వెనక గొయ్యీ కాదు.
రెండు వైపులా గడ్డకట్టిన చెరువే,
ఎటు మందంగా ఉందో
అడుగు వేస్తేగాని తెలీదు.

సీటు ఆగుతుంది, గైర్హాజరు గడిలో టిక్కు పెడితే చాలు.
హిల్కా ఆగదు.
ఇంకో రెండేళ్లకి రిటైరై
పడవకి రంగు వేసుకుంటానని ఇప్పుడే చెబుతోంది.
ఈ బురద చదవడం ఈ దేశంలో ఆమెలా వచ్చినవాళ్లు
ఒక సౌనా గదిలో పట్టేంతమంది.

మా అక్క సైమి తనంతట తానే వెళ్లింది, ఎవరూ పిలవకుండానే.
తిరిగొచ్చాక పుస్తకం తెరిస్తే
ఇంటిగ్రల్ గుర్తు కోటు తగిలించే కొక్కెంలా కనిపించిందట.
"మళ్లీ వస్తుందిలే, కాకపోతే
ఒక శీతాకాలం ఏడవాలి" అంది, సూప్ గిన్నె తుడుస్తూ.

అసలు చిక్కు ఇంకోటుంది.
మామూలు సిపాయికి నూట అరవై అయిదు రోజులు,
డిసెంబరులో ఇంటికి.
బాగా పరిగెత్తి, అడవిలో మ్యాపు బాగా చదివి
పైవాళ్ల కంట పడ్డావా, నిన్ను నాయకుణ్ణి చేస్తారు:
మూడు వందల నలభై ఏడు.
నేర్పుకి బహుమానం ఇంకో ఆరునెలలు!
మ్యాపు చదవడం నా చదువే కదా.
చెట్ల మధ్య నిలబడి ఉత్తరం ఎటో తెలియనట్టు
నటించగలనా? ఒకటో తరగతి నుంచీ
చెయ్యెత్తడమే అలవాటైన వెధవని.

ఇక్కణ్ణించి తూర్పుకి గంటన్నర కారులో వెళితే సరిహద్దు.
ఆ మాట ఎవరూ ఎత్తరు.
బల్ల మీద ఉప్పు సీసాలా
అందరి చేతికీ అందేంత దూరంలో ఉంటుంది.

హిల్కా వచ్చి భుజం మీంచి చూసింది.
"నాలుగు వందల తొమ్మిది" అంది.
నేను పన్నెండన్నాను.
మళ్లీ విడివిడిగా లెక్కపెట్టాం.
నాకు పదకొండు. ఆమెకి మళ్లీ తొమ్మిది.
వేసవే సరిగా రాని ఏళ్లు కొన్ని ఉంటాయి,
తేట గీత వెంట్రుకంత,
నువ్వు చూశావో ఊహించావో నీకే తెలీదు.
"ఏం చేద్దాం?" అన్నాను.
"ఏముంది, పక్కన రాస్తాం.
రెండు అటూ ఇటూ."

అరవై రెండేళ్ల మనిషి, లెక్క తప్పినందుకు
సిగ్గుపడకుండా కాఫీకి వెళ్లిపోయింది.
నా వయసు పక్కన కూడా
ఆ మాట రాసుకోవచ్చునేమో అడుగుదామనుకున్నాను.
తలుపు మూసుకుంది.

నాలుగు వందల పదకొండు దగ్గర గుండుసూది గుచ్చి
కాగితం జెండా అతికించాను:
ఇందాకా తూరే.
బురద మీద ప్లాస్టిక్ పొర కప్పి, దీపం ఆర్పాను.

బయట ఏప్రిల్. కరిగిన మంచు రోడ్డంతా రొచ్చు.
మూల దుకాణంలో పళ్ల బ్రష్షు కొన్నాను,
గట్టి కుచ్చుది, ఆకుపచ్చది,
అక్కడ ఎలాగూ అన్నీ ఆకుపచ్చేనని.
గైర్హాజరు గడి రాత్రికి నింపుతాను.

పరిగెత్తడం సంగతి
పరిగెత్తేటప్పుడు చూద్దాం.